హోస్టెటర్‌కి వచ్చింది తొమ్మిదే

అమెరికాలోని యుటికా ఊళ్లో నూలుమిల్లులు ఇంకా మూతపడని రోజుల్లో, ఆదివారం చర్చిలో పూజ ముగిసిందంటే సగం మంది అటునుంచి అటే పాత కవాతు హాలుకి నడిచేవారు. మధ్యాహ్నం అక్కడ వీవర్స్ జట్టు బాస్కెట్‌బాల్ ఆడేది. పేరుకి అది జీతాలిచ్చి ఆడించే జట్టే. కానీ ఆ జీతంతో ఇల్లు గడవదు గనక ఆటగాళ్లందరూ సోమవారం పొద్దున్నే ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలేవారు. కజిమిర్ ద్రోజ్‌దెక్ పని మిల్లులో రంగుతొట్ల దగ్గర. ఎంత రుద్దినా అతని గోళ్ల సందుల్లో నీలం వదిలేది కాదు.

బంతిని వలలో వేసే విద్య అతనికి అంతగా అబ్బలేదు. కోచ్ టిల్‌మన్ అతన్ని పెట్టుకున్నది వేరే పనికి.

"అవతలి జట్టులో మొనగాడెవడో చూసుకో. వాడికి జిగురులా అతుక్కో. నిన్ను తిట్టుకుంటూ ఇంటికి పోవాలి వాడు. అంతే నీ ఆట" అనేవాడు.

తల్లి బ్రొనిస్లావా పోలండు నుంచి వచ్చి, పాతికేళ్లు అదే మిల్లులో నూలు వడికిన మనిషి. ఇంగ్లీషు చదవడం రాదు. అంకెలు మాత్రం వచ్చు, ఇంటిపేరు ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. సోమవారం సాయంత్రం పేపరు రాగానే కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ తీసేది. నిన్నటి ఆటలో ఎవరు ఎన్ని చేశారో అక్కడ చిన్న అక్షరాల్లో వరసగా వేసేవారు. ఒకరోజు ఆమె వేలు కొడుకు పేరు పక్కన ఆగిపోయింది.

"ఒరేయ్ కజూ! నీకు అయిదా! మిగతా వాళ్లందరికీ ఒకటీ రెండూనే. ఇదిగో, వీడికైతే అసలేమీ లేదు, పాపం!"

బీట్‌రూట్ సూపు చెంచా కజిమిర్ నోటి దగ్గరే ఆగింది. ఆమె చూస్తున్నది ఫౌళ్ల వరస, అంటే ఆటలో చేసిన తప్పుల లెక్క. అతను వేసిన పాయింట్లు పక్క వరసలో ఉన్నాయి, ఒకే ఒక్కటి. చెబుదామనే నోరు తెరిచాడు. కానీ నాన్న పోయాక అమ్మ ముఖం అంతగా విప్పారడం అతను చూడలేదు.

"అవునమ్మా, అయిదే" అన్నాడు.

తెల్లారేసరికి ఆ మాట మాంసం కొట్టు జెనోన్ దాకా పాకింది. జెనోన్ ఒక్క ఆట కూడా వదలడు, అతనికి అంతా తెలుసు. అయినా బ్రొనిస్లావాకి సాసేజీలు పొట్లం కడుతూ, "అయిదంటే మాటలా అక్కా!" అన్నాడు, నవ్వు పైకి రానివ్వకుండా. కజిమిర్ దొరికినప్పుడు మాత్రం వదల్లేదు.

"రావయ్యా, అయిదు ఫౌళ్ల వీరుడా! మీ అమ్మ ఫాదర్‌గారికి కూడా చెప్పొచ్చిందట."

"నీకు పుణ్యముంటుంది మావా, నోరు మూసుకో."

"నేను మూసుకుంటాలే. పేపరు మూసుకుంటుందా?"

ఫిబ్రవరిలో ఈరీ ఊరి జట్టు వచ్చింది. అందులో లైల్ హోస్టెటర్ అని తాటిచెట్టంత మనిషి. ఏ ఊళ్లో ఆడినా ఇరవైకి తక్కువ వేసి ఎరగడు. సరిగ్గా ఆ రోజే బ్రొనిస్లావా పూజకి పెట్టుకున్న టోపీతోనే హాల్లోకి వచ్చింది. "ఊరంతా చూస్తోంది, కన్నతల్లిని నేను చూడొద్దా?" అంటూ జెనోన్ పక్కన కూర్చుంది.

కజిమిర్ ఆ రోజు హోస్టెటర్‌కి ఊపిరాడనివ్వలేదు. అతను ఎటు తిరిగితే అటు ముందు నిలబడ్డాడు. తుంటితో నెట్టాడు, మోచెయ్యి అడ్డంపెట్టాడు. బంతి అందేలోపు తన చెయ్యి అక్కడ ఉంచాడు. రిఫరీ ఈల మీద ఈల వేశాడు. ఆట ముగియడానికి కాస్త ముందు ఆరో ఫౌల్ పడి హారన్ మోగింది. ఆరు పడితే బయటికే. కజిమిర్ తలవంచుకుని నడుస్తుంటే హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అతను పైకి చూశాడు. వాణ్ణెందుకు పంపేశారని అడుగుతూ కాబోలు, అమ్మ జెనోన్ భుజం పట్టుకుని ఊపేస్తోంది. చివరికి జెనోన్ తన చేతివేళ్లు విప్పి, చిన్నపిల్లలకి లెక్క చెప్పేవాడిలా ఏదో చెప్పాడు. అమ్మ మెల్లగా కూర్చుండిపోయింది. వీవర్స్ గెలిచారు. కజిమిర్‌కి ఆ గెలుపు రుచించలేదు.

మంచులో ఇంటికి నడుస్తుంటే, వంతెన దాటాక ఆమె ఆగి అతనివైపు తిరిగింది.

"అయితే నేను ఊరందరికీ చూపించింది నీ దుడుకుతనమా?"

"అవునమ్మా."

"చర్చి మెట్ల మీద నిలబడి చూపించానురా, వెధవా!"

"నువ్వు సంతోషపడ్డావని..."

"మాట్లాడకు."

మర్నాడు సాయంత్రం అతను పనినుంచి వచ్చేసరికి ఆమె పేపరు ముందేసుకుని కూర్చుంది. ఈసారి వేలు కొడుకు పేరు మీద లేదు.

"ఈ పొడుగాటి వాడి పేరు ఇదేనా?"

"అదే."

"పాయింట్ల వరస ఏది?"

చూపించాడు.

"తొమ్మిది. రోజూ ఇరవై పైనే వేస్తాడని జెనోన్ చెప్పాడు. మరి మిగతావేవిరా?"

"అతనికి అవి రాలేదమ్మా."

"రాకపోవడం కాదు, నువ్వు రానివ్వలేదు. ఆ సంగతి ఇందులో ఎక్కడ రాశారు?"

"అది రాయరమ్మా."

"రాయకపోతే పోనీ. నాకు అర్థమైంది" అని కళ్లజోడు తీసి, "అబద్ధానికి మాత్రం శనివారం వెళ్లి ఫాదర్‌గారి దగ్గర ఒప్పుకుంటావు" అంది.

ఒప్పుకున్నాడు. చర్చిలో పాపాలు చెప్పుకునే గదిలో, తెర అవతల ఫాదర్‌గారు అంతా విన్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు: "హోస్టెటర్‌కి నిజంగా తొమ్మిదేనా?"

ఆ తర్వాత ఎక్కువ కాలం సాగలేదు. మిల్లు దక్షిణాదికి తరలిపోయింది. టిక్కెట్టు కొనేవాళ్లు లేక జట్టూ పోయింది. కజిమిర్ రేడియేటర్ల ఫ్యాక్టరీలో చేరాడు, పెళ్లి చేసుకున్నాడు. చాలా ఏళ్లకి ఒక వసంతంలో తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే, ద్వారబంధానికి తల తగలకుండా వంగి హోస్టెటర్! రంగుల కంపెనీ తరఫున ఊళ్లు తిరుగుతున్నాడట. ఫోన్ల పుస్తకంలో పేరు చూసి వచ్చాడు.

బ్రొనిస్లావా అతని ముందు కజ్జికాయల్లా మడిచి ఉడికించిన పోలండు పిండివంట పళ్లెం పెట్టి, "ఆ రోజు మావాడు నీ నోటికాడ కూడు లాగేశాడు. ఇవాళైనా కడుపునిండా తిను నాయనా" అంది. కజిమిర్ ఆ మాట అతనికి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

"మూడు రోజులు పక్కటెముకలు నొప్పి పుట్టాయని చెప్పు ఆవిడకి" అన్నాడు హోస్టెటర్ నోటినిండా పెట్టుకుని, డొక్క తడుముకుంటూ.

"చెప్పక్కర్లేదు, నేను చూశాగా" అందామె.

తిన్నాక మగవాళ్లిద్దరూ కవాతు హాలుకి వెళ్లారు. అదిప్పుడు సామాన్ల గోడౌను. కాపలావాడు తలుపు తీశాడు. సోఫాల మధ్య నేల మీద పాత గీతలు ఇంకా కనబడుతున్నాయి. హోస్టెటర్ ఒకచోట ఆగి, బుట్ట ఒకప్పుడు ఉన్న దిక్కుకి కళ్లెత్తి, లేని బంతి కోసం చెయ్యి చాచాడు. కజిమిర్ ఏమీ ఆలోచించకుండానే అతని ముందుకి వెళ్లి, కోటు గుండీలు పెట్టుకునే ఉన్నా సరే, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"ఫౌల్!" అన్నాడు కాపలావాడు, కుర్చీలోంచి లేవకుండానే.