ఏడడుగుల సిమెంటు మంచాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి సిమెంటుతో మంచం కట్టి చూసి ఉండడు. నేను కట్టించి చూశాను. ఒకటి కాదు, రెండు. ఆ దెబ్బకు చుట్టాలంతా నన్ను ‘మేస్త్రమ్మ’ అనడం మొదలుపెట్టారు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, తప్పు మాత్రం నేను ఒప్పుకోను.

ఎనభైల మొదట్లో హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాం. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. పొద్దస్తమానం ఊరికీ ఊరికీ వైరు కలిపే మనిషిని, నా పిల్లల గదికి కనెక్షన్లు లేకపోతే ఎలా? పడుకున్నచోటే లైటు, ఫ్యాను స్విచ్చులు, హాల్లో రేడియో నుంచి లాగిన చిన్న స్పీకరు, నొక్కితే వంటింట్లో మోగే బెల్లు. వైర్లన్నీ ఒకే గోడకు, మంచాల తలవైపు కూడా ఆ గోడకే.

“వడ్లాయనతోని రెండు మంచాలు చేపిద్దాం సుజాతా,” అన్నారు మావారు.

“కర్ర మంచం జరుగుతది. జరిగితే స్విచ్చు అందదు. సిమెంటుతోని కట్టిద్దాం.”

“మరి సైజు?”

“ఏడడుగులు. పిల్లలు పెరగరా ఏంది?”

అప్పటికి బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు ఆరు. తలగడ కూడా సిమెంటుతోనే పోయించాను. రోజూ దులిపే పని ఉండదు కదా.

గృహప్రవేశానికి పాలకుర్తి నుంచి మా అత్తమ్మ వచ్చారు. నిండైన మనిషి. ముందురోజే బిగించిన పిల్లల గది తలుపు తోశారు. అది సగం తెరుచుకుని, మంచానికి తగిలి ఆగిపోయింది. ఆవిడ ఒక భుజం పెట్టి చూశారు, రెండో భుజం పెట్టి చూశారు. చివరికి గుమ్మంలోనే నిలబడి తల మాత్రం లోపల పెట్టారు.

“ఏమే సుజాతా, తల కింది మెత్త ఏ దిక్కుకు పోపిచ్చినవ్?”

“వైర్లున్న దిక్కుకు అత్తమ్మా.”

“అది ఉత్తరమే. ఉత్తరానికి తల పెట్టి ఎవలన్న పండుకుంటరా?”

ఆ సంగతి నాకు తెలియక కాదు. వైర్లు ఏ గోడలో ఉన్నాయో చూశాను గాని, ఆ గోడ ఏ దిక్కున ఉందో చూడలేదు. కరెంటుకు దిక్కులేమిటి, మీరే చెప్పండి.

“జర మంచాలు అటు తిప్పుండ్రి,” అన్నారు అత్తమ్మ.

“తిరగయమ్మా. సిమెంటు,” అన్నారు మావారు, నావైపు చూడకుండా.

“అయితే రేపు పొద్దుగాల మేస్త్రిని పిలిచి పలగ్గొట్టియ్యి.”

నాకు ఒళ్లు మండింది. నేను కట్టించిన మంచం మీద గునపం పడితే, ఆ ఇంట్లో ఇక నా మాటకు విలువేముంటుంది?

“దక్షిణానికి తల పెట్టి పండుకుంటరు. పిల్లలు వద్దంటే అప్పుడు మీ ఇష్టం,” అన్నాను.

పాపం, పడుకున్నారు. స్విచ్చులు అందాలని కాళ్లు సిమెంటు తలగడ మీద పెట్టుకున్నారు. తలలు మంచం నడుమ పల్లంలో ఉన్నాయి. నేను హాల్లో రేడియో పెట్టాను.

“అమ్మా, పాట నా కాళ్లకు వినవడుతాంది,” అని అరిచాడు బాబు.

పాప బొటనవేలితో ఫ్యాను వేసింది. గుమ్మంలో అత్తమ్మ నెత్తి పట్టుకున్నారు.

“కాళ్లతోని కరెంటు ముట్టవడితిరి. రేపు పలగ్గొట్టుడే.”

మావారు కూడా తల ఊపారు. నా పని అయిపోయిందనుకున్నాను.

తెల్లారి మేస్త్రి వచ్చేసరికి పిల్లలు లోపల గడియ పెట్టుకున్నారు.

“తలుపు తియ్యి బిడ్డా,” అన్నారు అత్తమ్మ.

“తియ్యం నాయినమ్మా. ఈ రూము మంచిగున్నది.”

“కాళ్లు మీదికి, తల కిందికి... ఏం మంచిగున్నదిరా?”

“మీరెవ్వలు లోపటికి రాలేరు కదా,” అన్నాడు బాబు.

మేస్త్రి నవ్వుకుంటూ గునపం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను తల ఎగరేసి అత్తమ్మ వంక చూశాను. ఆ గర్వంతోనే, బడికి వేళైందని పిల్లల్ని బయటికి లాక్కురావడానికి వెళ్లాను. వాళ్లు గడియ తీశారు. తలుపు సగం తెరుచుకుంది. ఒక భుజం పెట్టి చూశాను. రెండో భుజం పెట్టి చూశాను.

పిల్లల పదో తరగతి అయ్యేదాకా ఆ గదిలో ఏం చదివారో, అసలు చదివారో లేదో నాకు తెలియదు. వాళ్లు మాత్రం దర్జాగా బెల్లు కొట్టేవారు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి తలుపు సందులోంచి మంచినీళ్లు అందించేదాన్ని.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పిల్లల గదికి లోపలికి తెరుచుకునే తలుపు పెట్టించను. మంచాలంటారా, సిమెంటువే కట్టిస్తాను.