తలారి వాఙ్మూలం, మంత్రిగారి జవాబు

మా ముత్తాత తిమ్మప్ప నాయుడు మత్తూరు వైపు పన్నెండు ఊళ్ళకు మిట్టాదారు. మిట్టా అంటే మా ప్రాంతంలో జమీలాంటిది. మా తాత కాలానికి ఊళ్ళు ఒక్కొక్కటే చేయి జారినా, ఆయన మాట ఇస్తే ఎవరూ కాగితం అడిగేవారు కారు. మా నాయన చేతికి వచ్చేసరికి మిగిలినవి కూలిన ప్రహరీ, నాలుగు మడులు, కొట్టంలో ఒక పల్లకి. నేను సర్కారు కొలువులో చేరాను.

1958లో నన్ను కృష్ణగిరి, హోసూరుల మధ్య ఒక ఫిర్కాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఫిర్కా అంటే తాలూకాలో కొన్ని గ్రామాల జట్టు. ఇన్‌స్పెక్టరు కరణాలకు పైవాడు, తహసీల్దారుకు కిందివాడు. తాలూకా పేరు రాయను. ఆ కచేరీలో నాతో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా పింఛను తీసుకుంటున్నారు.

శాసనసభలో మంత్రి లేచి జవాబు చెప్పటం పత్రికల్లో చదివేవారికి ఆ జవాబు ఎక్కడ పుడుతుందో తెలియదు. సభ్యుడు ప్రశ్న పంపుతాడు. దానికి నక్షత్రపు గుర్తు ఉంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, ఆ పైన వచ్చే ఉప ప్రశ్నలకూ నిలబడాలి. ప్రశ్న సచివాలయం నుంచి కలెక్టరుకు, అక్కడి నుంచి డివిజను అధికారికి, తహసీల్దారుకు, చివరికి ఇన్‌స్పెక్టరుకు దిగుతుంది. కాగితానికి ఎర్ర చీటీ కడతారు. ఎర్ర చీటీ కట్టిన కాగితాన్ని బల్ల మీద రెండో రోజు ఉంచుకున్నవాడు సంజాయిషీ రాసుకోవాలి. జవాబు మళ్ళీ అవే మెట్లు ఎక్కి పైకి పోతుంది.

ఆ ఏడాది నా చేతికి వచ్చిన ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. (అ) మా తాలూకాలో క్యాంపుకు వచ్చే అధికారులు గ్రామ నౌకర్ల చేత సొంత పనులు చేయిస్తున్నారా? (ఆ) అయితే, బాధ్యులెవరు? (ఇ) వారిపై తీసుకున్న చర్య ఏమిటి?

నేను సైకిలు మీద కుందారపల్లి దాటి, బాటకు లోపలగా ఉన్న ఒక చిన్న ఊరికి పోయాను. ముందు నెలలో జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి ఆ ఊరి బంగళాలో కుటుంబంతో మూడు రోజులు దిగాడు. కరణం ఏమీ జరగలేదన్నాడు. ఊరి చిల్లర పనులకు ఉన్న నౌకర్లు, ఇద్దరు వెట్టివాళ్ళు, నేల చూస్తూ నిలబడ్డారు. తలారి మునియప్ప ఒక్కడే నన్ను సూటిగా చూశాడు. తలారి పని ఊరి కాపలా. నలభై ఏళ్ళ మనిషి, ముగ్గురు పిల్లలు, ఆ కొలువు తప్ప వేరే ఆధారం లేదు.

"నిజం చెప్తే నా కొలువు ఉంటాదా దొరా?" అని అడిగాడు.

ఉంటుందన్నాను.

"ఎవురు చెప్పేది ఈ మాట? ఇన్‌స్పెక్టరు సామా, తిమ్మప్ప నాయుడి మునిమనవడా?"

తిమ్మప్ప నాయుడి మునిమనవడే చెప్తున్నాడన్నాను. అప్పుడు చెప్పాడు. నీళ్ళు మోశారు, కట్టెలు కొట్టారు, గుడ్డలు ఉతికారు. మూడో రోజు అధికారిగారి భార్య కొండ మీది గుడి చూడాలన్నది. ఎక్కలేనన్నది. కుర్చీకి రెండు వైపులా కర్రలు కట్టి నలుగురి చేత మోయించారు.

"మా తాత మీ పల్లకి మోసినాడు దొరా. ఆయనకు మీవోళ్ళు మాన్యం ఇచ్చినారు, తిన్నాడు, మోసినాడు. నేను సర్కారు జీతగాణ్ణి. ఊరు కాయమని నన్ను పెట్టినారు. ఆయమ్మను నేనేల మోయల్ల?"

పక్కనున్న వెట్టివాడు నవ్వు ఆపుకోలేక, "ఆయమ్మ బరువు కూడా రాసుకోండి సామీ" అన్నాడు. మునియప్ప వాడిని కసిరాడు. నేను వాఙ్మూలం రాసి చదివి వినిపించాను. వేలిముద్ర వేశాడు.

కచేరీలో హెడ్ గుమాస్తా శేషప్ప నా నివేదిక చదివి కళ్ళద్దాలు తీశాడు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి కాగితాలు ఎక్కించి దించినవాడు.

"ఏమప్పా నాయుడూ, తలారి పేరు ఏల రాసినావు? 'విచారణలో తెలియవచ్చినది' అని రాసి నీ సంతకం పెట్టు. ఆ వేలిముద్ర కాగితం నీ పెట్టెలో పెట్టుకో."

పేరు లేని సాక్ష్యం మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, ఎవరూ వినలేదు అన్నాను.

"అది మీ ఇల్లప్పా. ఇది కచేరీ," అన్నాడు శేషప్ప. దస్త్రం కట్టాడు. నేను పేరూ ఉంచాను, వాఙ్మూలమూ జతచేశాను. అది మెరుగైన పద్ధతి అని గర్వపడ్డాను కూడా.

నెల తర్వాత సభలో జరిగినదాని నకలు మాకు వచ్చింది. (అ) భాగానికి మంత్రిగారి జవాబు: లేదు. (ఆ), (ఇ) భాగాలకు: ఉత్పన్నం కావు. మొదటిదానికి లేదంటే మిగిలినవి ఉత్పన్నం కావు. అది సచివాలయపు వాడుక. ప్రశ్న వేసిన సభ్యుడు ఊరుకోలేదు. గ్రామ నౌకర్లను ఎవరైనా విచారించారా అని ఉప ప్రశ్న వేశాడు. విచారించామని, ఇంటికి వచ్చినవారికి చేసే మర్యాదను కూడా వెట్టి అంటే పల్లెల్లో ఇక మర్యాదే మిగలదని మంత్రిగారు చెప్పారు. పక్కనే బ్రాకెట్లలో 'నవ్వులు' అని అచ్చువేశారు.

తర్వాత శేషప్ప దస్త్రం తెప్పించి నాకు మెట్లన్నీ చూపించాడు. నేను 'చేయించారు' అని రాశాను. తహసీల్దారు దాన్ని 'చేయించినట్లు ఒక తలారి చెప్పెను' అని మార్చాడు. డివిజను కచేరీలో 'ఒక్క తలారి తప్ప ఎవరును చెప్పలేదు' అయింది. జిల్లా కచేరీలో 'తగిన ఆధారము లేదు' అయింది. సచివాలయంలో 'లేదు'. ఎవరూ అబద్ధం రాయలేదు. ప్రతివాడూ ఒక మాట గీకి పైకి పంపాడు. మంత్రిగారు చివరి మాట చదివారు. ఆ పెద్ద అధికారి పేరు ఏ మెట్టు మీదా లేదు. నేను జతచేసిన వాఙ్మూలంలో మునియప్ప పేరు మాత్రం ప్రతి మెట్టు మీదా ఉంది.

ఆ పైన వచ్చిన మెమో నేను ఇవాళ్టికీ కోపం లేకుండా తలచుకోలేను. అలాంటిదేమీ జరగలేదని ప్రభుత్వం సభకు తెలిపి ఉన్నందున, జరిగిందని చెప్పిన తలారి తప్పుడు వాఙ్మూలం ఇచ్చినట్లే. కాబట్టి అతని మీద అభియోగాలు తయారు చేయవలసింది రెవెన్యూ ఇన్‌స్పెక్టరు.

నేను రాయనన్నాను. తహసీల్దారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమి మిట్టాదారప్పా, మంత్రిగారు సభలో అబద్ధం చెప్పినారని రాయమంటావా?"

జరిగింది రాయమంటున్నానని చెప్పాను.

"జరిగింది సభలో చెప్పేసినారు కదప్పా. ఇంకేమి జరిగింది?"

ఆయన నన్ను ఎగతాళి చేయలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. సభ పుస్తకంలో అచ్చయినదాన్ని మార్చాలంటే మంత్రి మళ్ళీ లేచి తప్పు ఒప్పుకోవాలి. దానికంటే తలారిని తీసేయటం తేలిక.

ఆ వాఙ్మూలం రాసినవాణ్ణి నేను, తప్పుడుదైతే శిక్ష నాకు వేయండి అని నా చేత్తో రాసి ఇచ్చాను. నన్ను సామల్పట్టి వైపు మార్చారు. డిప్యూటీ తహసీల్దారు పదవికి తయారైన జాబితాలో నా పేరు తీసేశారు. అభియోగాలు నా తర్వాత వచ్చినవాడు ఒక పూటలో రాశాడు. మునియప్పను తొలగించారు. అతని పేర అప్పీలు నేనే రాశాను. సభకు ఇచ్చిన జవాబును తిరిగి పరిశీలించే అధికారం తమకు లేదని రెండు వాక్యాల్లో కొట్టేశారు.

ఆ సంగతి చెప్పడానికి నేనే పోయాను. మునియప్ప బాట పక్కన కంకర కొడుతున్నాడు. ఎండకు తాటాకు తడిక అడ్డం పెట్టుకున్నాడు. లేవలేదు. నేను చెప్పిందంతా విని, సుత్తి కింద పెట్టాడు.

"మీరు నాకు చెడుపు చేయల్లని చేయలేదు దొరా. అది నాకు తెలుసు," అన్నాడు. "అయితే మీ మాటకు ఈడ ఎవురూ కాగితం అడగరని మా తాత చెప్పేవాడు. నేనూ అడగలేదు. అడిగుంటే బాగుండు."

మళ్ళీ సుత్తి అందుకున్నాడు. నేను సైకిలు ఎక్కి వచ్చేశాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు కొలువు చేశాను. ఎర్ర చీటీ కాగితాలు ఇంకెన్నో వచ్చాయి. ఒక్కదానిలోనూ కిందివాడి పేరు రాయలేదు. 'విచారణలో తెలియవచ్చినది' అని రాసి నా సంతకం పెట్టాను. సంజాయిషీ అడిగితే నేనే ఇచ్చుకున్నాను. శేషప్ప నాకు పిరికితనం నేర్పుతున్నాడని ఆనాడు అనుకున్నాను. పైకి పోయే కాగితం మీద బలహీనుడి పేరు ఉంటే, దెబ్బ ఆ పేరు మీదే పడుతుందని ఆయనకు తెలుసు. నాకు తెలియదు. నా వంశం మాటకు కచేరీలో బరువుందని నమ్మి, ఆ బరువు ఇంకొకడి నెత్తిన పెట్టాను. మునియప్ప కొలువు పోగొట్టినవారిలో మంత్రిగారు ఆఖరివారు, నేను మొదటివాణ్ణి.

కొట్టంలోని పల్లకిని మునియప్ప కొలువు పోయిన ఏడాదే సామల్పట్టి కలప వర్తకుడికి అమ్మేశాను. మోత కర్రలు టేకువని వాటిని విడిగా కొన్నాడు.