అమ్మ పటం, శనివారం పాఠం

మొన్న ఫ్రేములు కట్టే అంగట్లో పాత పటం వెనక అట్ట ఊడదీస్తుంటే మురిగిన మైదా బంక, పురుగు తిన్న కాగితం కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే చాలు, అది నన్ను వేంపల్లె బడిలో మూడో తరగతిలోకి, ఒక శనివారం పొద్దుటిలోకి లాక్కుపోతుంది.

యాభైల నాటి మాట. మాది కర్నూలు పక్క పల్లె. అమ్మకు జబ్బు చేస్తే నాయన పెద్దాసుపత్రిలో చేర్చి, నన్ను వేంపల్లెలో మేనత్త దగ్గర వదిలాడు. ఎండలు ముదురుతున్న ఆ రోజుల్లో అరుగుల మీద చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, వలిచే ఆడవాళ్ళ కబుర్లు, పెనం మీద జొన్నరొట్టెల వాసన, పిల్లలతో గులకరాళ్ళు ఎగరేసే అచ్చనగండ్ల ఆట అన్నీ ఉన్నా నా ధ్యాసంతా ఉగాది మీదే. పండక్కి అమ్మ వచ్చేస్తుందనీ, పూర్ణం పెట్టిన ఓళిగలు చేస్తుందనీ అత్త మాటిచ్చింది. మధ్యలో నాయన ఒకసారి వచ్చాడు. అన్నం దగ్గర కూడా తలపాగా తీయకుండా నాలుగు ముద్దలు మింగి, గుడ్డలో చుట్టిన పటమొకటి అత్త చేతికిచ్చి, నా ముఖం చూడకుండానే వెళ్ళిపోయాడు. అత్త దాన్ని అటకమీద దాచింది.

మా సుబ్బన్న అయ్యవారి పద్ధతే వేరు. బడిలో పుస్తకాలకు కరువు గానీ ఊళ్ళో గోడల మీద ఆ బంక వాసన కొట్టే పాత పటాలకు కొదవలేదు. అందుకని ప్రతి శనివారం ఒకరు ఇంటినుంచి ఎవరిదైనా మనిషి పటం తేవాలి. అయ్యవారు దాన్ని తన కుర్చీలో నిలబెట్టి, తాను మాతోపాటు నేలమీద కూచునేవాడు. ఒక్కొక్కరు ఒక్కో నిండు వాక్యం చెప్పాలి, ముందువాళ్ళు చెప్పింది మళ్ళీ చెప్పకూడదు, తెలిసింది కాక కంటికి కనబడిందే చెప్పాలి. ఎవరి తాతో మీసం మెలేసుకుని దర్జాగా కూచుంటే, మేము ఆయన చెప్పు తెగి ఉండటం పట్టేసేవాళ్ళం.

నా వంతు వచ్చిన రోజు అత్త చేనికి పోయిన అదను చూసి అటకెక్కాను. గుడ్డ కాస్త విప్పితే అమ్మ ముఖం! జబ్బు నయమైపోయింది, స్టూడియోకు కూడా పోయొచ్చింది అనుకున్నాను. ఇంకేమీ చూడకుండా గంతులేస్తూ బడికి పోయాను.

మొదట బాగానే సాగింది. అమ్మ పట్టుచీర అంచు గురించి ఒకరు, నగల గురించి ఒకరు చెప్పారు. తర్వాత మస్తాన్ లేచాడు.

"ఆమె మన పక్క సూడ్డంల్యా అయివారా. కండ్లు సిరాతో గీసినట్లుండాయి."

అయ్యవారు ముందుకు వంగి పటాన్ని చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"సాలు, ఈ పొద్దుకు సాలు. కూసోండి," అంటూ గుడ్డ అందుకున్నాడు. కానీ తర్వాతి వంతు కాశింబీది. తన వాక్యం ఎక్కడ పోతుందోనని గబగబా చెప్పేసింది.

"కుర్చీ ఎనకనించి ఎవురో ఆమె తల పట్టుకోనుండారు. చెవి పక్కన యేళ్ళు కనపడతాండాయి."

నేను దగ్గరికి పోయి చూశాను. మగమనిషి వేళ్ళు. ఒకదానికి పాముపడగ ఉంగరం, మా నాయనది. మా ఊళ్ళో ఒక అవ్వ పోయినప్పుడు ఇట్లాగే కుర్చీలో కూచోబెట్టి, తల వాలిపోకుండా వెనకనుంచి పట్టుకుని ఫొటో తీయించడం నేను చూశాను. మూతపడిన కళ్ళను తర్వాత స్టూడియోలో తెరిచినట్లు దిద్దుతారు. నాయన తలపాగా ఎందుకు తీయలేదో కూడా అప్పుడే తెలిసింది. కొడుకుల్లేని ఇల్లు, కర్మ చేసి గుండు గీయించుకున్నది ఆయనే.

పటం పట్టుకుని ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తులేదు. అప్పుడే చేన్నుంచి తిరిగొచ్చిన అత్త పటం చూసి నన్ను దగ్గరికి లాక్కుంది.

"నీకెవురు సెప్పినారే?"

"ఎవురూ సెప్పల్యా. మేమే సూసినాము."

ఆ బడి ఉన్నచోట ఇప్పుడు అంగళ్ళు లేచాయి. పోయినవాళ్ళను కూచోబెట్టి ఫొటో తీయించే పద్ధతి పోయింది, పీడా వదిలింది. అయ్యవారి పాఠం కూడా పోయింది, అది మాత్రం ఉండాల్సింది. మనవరాలి ఫోన్లో నావి లెక్కలేనన్ని ఫొటోలు. అమ్మకు ఇదొక్కటే. ఆ స్టూడియో ఆసుపత్రికి పోయే దారిలోనే ఉండేదట. అమ్మను చేర్చడానికి పోతూ పోతూ అక్కడ కాసేపు ఆగాలని ఎవరికీ తోచలేదు, ఆ కోపం నాకింకా తీరలేదు. పటంలో ఉన్నవి ఎవరో దిద్దిన కళ్ళు. అమ్మ కళ్ళెట్లా ఉండేవో నాకు గుర్తులేదు.