ఏ ఒడ్డయ్యా?

మా సార్ పోయారని మొన్న ఆదివారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. సూరత్ పక్కన హజీరా రేవులో, ఓడలు వచ్చే దారిలో లోతు కొలిచే పనిలో నాకు ఆయనే పైఅధికారి. రిటైరయ్యాక కూడా సూరత్ వదల్లేదు. మాకు బంధుత్వమేమీ లేదు. అయినా ఈ ఊళ్లో నాకంటూ ఒక ఇల్లుందంటే అది ఆయన చలవే.

ఉద్యోగంలో చేరిన రోజు, "ఎట్లనో ఒడ్డున పడ్డ సార్" అన్నాను. ఆయన నవ్వకుండా, "ఏ ఒడ్డయ్యా? ఆటుకుండే ఒడ్డా, పోటుకుండే ఒడ్డా?" అని అడిగారు. బిక్కమొహం వేశాను. మాది కరీంనగర్ వైపు. మా చెరువు కట్ట తాతల కాలంలో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. నీళ్ల అంచు కదులుతుందన్న సంగతే నాకు కొత్త.

పటాల మీద తీరాన్ని ఆయన ఎప్పుడూ పెన్సిల్‌తోనే గీసేవారు. ఒకసారి నేను ఇంకుతో గీస్తే పెన్ను లాక్కుని నెల దాకా ఇవ్వలేదు. డుమస్ బీచ్‌లో టమాటా బజ్జీలు, అదే భజియా, తినడానికి వెళ్తే, మొన్నటి పున్నమికి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని ఆయన ముందు కొట్టువాణ్ని అడగాలి. ఆ ముచ్చట తేలేసరికి భజియాలు చల్లారేవి. ఆకలికి నాకు ఒళ్లు మండేది.

నాలుగేళ్ల క్రితం డుమస్ అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక ప్లాటు చూశాను. డిండోలిలో అద్దె గదులు మారి మారి మా ఆవిడ విసిగిపోయింది. కరీంనగర్ వైపు మా ఊళ్లో ఉన్న ఒక్క ఎకరం అమ్మి కొందామనుకున్నాం. బయానా ఇచ్చేముందు గొప్పగా సార్‌ని తీసుకెళ్లాను.

ఆయన ప్లాటు చూడలేదు. చెప్పులు విడిచి నేరుగా నీళ్ల వైపు నడిచారు. అక్కడ గట్టు కోసుకుపోయి తుమ్మచెట్టు వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. "ఇది ఎండాకాలం ఒడ్డు. వానాకాలం పున్నమికి వచ్చి చూడు" అన్నారు.

"పక్కకే రాళ్లగోడ కట్టిన్రు గద సార్."

"అందుకేనయ్యా. తపతి నది తెచ్చిన ఇసుకని అలలు తీరం పొడుగునా మోస్తాయి. గోడ దగ్గర ఆగిపోతే ఇవతలికి రాదు. పైన ఆనకట్ట పడ్డాక అసలు వచ్చేదే తక్కువ. సముద్రం ఊరికే మింగదు, ఇక్కడ తీసింది ఇంకోచోట పోస్తాది. పోసినచోట కొనుక్కో, ఓ రెండొందలేళ్లు ఆగి."

నాకు కోపం వచ్చింది. సొంతిల్లు ఉన్నవాళ్లు ఎన్నయినా చెప్తారని మొహం మీదే అనేశాను. ఆయన తన చిన్ననాటి ఇంటి సంగతి ఎత్తారు. కాకినాడ దగ్గర వాళ్ల ఊళ్లో ఇల్లు మూడుసార్లు వెనక్కి జరిపి కట్టుకున్నారట. వాళ్ల నాయనమ్మ అలల్లోకి వేలు చూపించి, "అదిగోరా, మన వంటిల్లు" అనేదట.

"అక్కడ కట్టొద్దని మా నాన్నకి అడ్డం చెప్పినోడు లేడయ్యా" అన్నారు.

ప్లాటు వదిలేశాం. తర్వాత ఉధ్నాలో రెండు గదుల ఫ్లాటు కొన్నాం. "మన సముద్రం ఇల్లు చెడగొట్టిన సార్" అని మా ఆవిడ చాలాకాలం దెప్పింది. మొన్న కబురు తెలియగానే నాకంటే ముందు ఆమే ఏడ్చింది.

దహనం అయ్యాక ఇంటికి పోబుద్ధి కాలేదు. ఇద్దరం ఆ ప్లాటు దగ్గరికి వెళ్లాం. ఆటు సమయం, ప్లాటు ఉన్నచోట నల్లటి బురద బయటపడి ఉంది. మిగిలిన ఒక్క హద్దురాయిని వికెట్‌గా పెట్టుకుని బట్టల మిల్లు కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. పోటు మొదలై నీళ్లు పాదాలకు తగలగానే బ్యాటు పట్టుకుని నవ్వుకుంటూ వెనక్కి పరిగెత్తారు. రాయి సగం దాకా మునిగింది. తర్వాత కనబడలేదు. మేమిద్దరం రోడ్డు మీద, పొడి కాళ్లతో నిలబడి చూస్తున్నాం.