ముందు ఎవరి పేరు

పేపర్ పూర్తయింది. ఇంగ్లీషు దిద్దుకున్నాం, పట్టికలు సరిచేసుకున్నాం, జర్నల్ వాళ్ళు అడిగిన పద్ధతిలో రిఫరెన్సులన్నీ కామాలు, చుక్కలతో సహా మార్చాం. ఇక మిగిలిందల్లా రాసినవాళ్ళ పేర్లు. ఉన్నవి రెండే, నాదీ, నాతో కలిసి రాసినావిడదీ. వాటిలో ఏది ముందు వెయ్యాలన్న దగ్గర ఆ పేపర్ నెలకు పైగా ఆగిపోయింది. ఆ నెలంతా నేను కాలు కాలిన పిల్లిలా ఇంటికీ కాలేజీకీ మధ్య తిరిగాను.

నా పేరు ముందుండాలని నా కోరిక. ఇప్పుడింత తేలిగ్గా రాసేశాను గానీ, అప్పుడు ఈ ముక్క నోటివెంట రాలేదు.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. నా తర్వాత చేరినవాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటి పైకి వెళ్ళిపోయారు. వాళ్ళ సంతకం కోసం నేను ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాల్సి వచ్చేది. మా ప్రమోషన్ కమిటీ దగ్గర ఒక లెక్క ఉంది. పరిశోధనా పత్రంలో మొదటి పేరున్నవాళ్ళకే పూర్తి మార్కులు, రెండో పేరుకి ఏదో విదిలిస్తారు. ఆ ఏడాది జాబితాలోకి ఎక్కడానికి నాకున్న దిక్కల్లా ఈ ఒక్క పేపరే.

ఆవిడది మా డిపార్టుమెంటే. వయసులో నాకన్నా చిన్న, ఉద్యోగం కాంట్రాక్టు మీద. రోజూ మైలవరం నుంచి బస్సులో వచ్చి వెళుతుంది. స్టాఫ్ రూములో మా బల్లలు పక్కపక్కనే. మధ్యాహ్నం క్యారియర్లు విప్పి కూరలు మార్చుకుంటాం. నేనేం తెచ్చినా ఒక ముద్ద తిని "చాలా బాగుందండీ" అంటుంది. ఆవిడ వేసే పచ్చిమిర్చికి నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా నేనూ అదే మాట అంటాను. ఇన్నేళ్ళలో ఒకరి వంటకి ఒకరం వంక పెట్టింది లేదు.

అసలు ఈ పేపర్ పుట్టింది నా కోపంలోంచి. మా పాత కారు పక్కద్దం పగిలితే, మావారి స్నేహితుడికి బాగా తెలిసిన షాపు ఆటోనగర్‌లో ఉందంటే వెళ్ళాను. షాపాయన ఫ్యాను కింద కుర్చీ వేయించాడు, కూల్ డ్రింకు తెప్పించాడు. అద్దం బిగించడం అయ్యాక ఎంతయిందని అడిగితే, "మీ దగ్గర చెప్పేదేముందండీ మేడం, మీ ఇష్టం" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. తక్కువిస్తే మావారి స్నేహితుడి దగ్గర పరువు పోతుందేమోనని, నాకు తోచినదాని మీద ఇంకొంచెం వేసి ఇచ్చాను. ఆయన లెక్క కూడా పెట్టకుండా కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మా పక్కింటావిడ ముక్కూ మొహం తెలియని షాపులో బేరమాడి, అదే అద్దం నాకన్నా చాలా తక్కువలో వేయించుకొచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు స్టాఫ్ రూములో ఆ మంటంతా వెళ్ళగక్కాను. ఆవిడ తింటున్న ముద్ద ఆపి, "అంటే మేడం, తెలిసినవాళ్ళ దగ్గరే మనం ఎక్కువ ఇచ్చుకుంటున్నామా?" అంది. మా పేపరంతా ఆ ఒక్క వాక్యమే. మిగతాదంతా దాని చుట్టూ కట్టిన గోడలు.

అక్కణ్ణుంచి క్లాసులు లేని మధ్యాహ్నాలన్నీ ఆటోనగర్‌లోనే గడిపాం. సుత్తి దెబ్బల మోతలో అరిచి ప్రశ్నలడిగాం. మా ప్రశ్నల కాగితాలకి గ్రీజు అంటింది, మా చీరలకీ అంటింది. గణాంకాల పని, కంప్యూటర్‌లో మోడల్ పని అంతా ఆవిడది. రాత నాది. చివరికి తేలిందేమిటంటే, ధర నోటితో చెప్పకుండా "మీ ఇష్టం" అన్నచోట కొన్నవాళ్ళే ఎక్కువ ఇస్తున్నారు. ఎదుటివాళ్ళ దృష్టిలో పలచనవుతామన్న భయమే ఆ పై డబ్బు ఇప్పిస్తోందని రాశాం. మొహమాటం అన్న మాటకి ఇంగ్లీషులో ఏం పెట్టాలో తెలియక ఇద్దరం చాలా పెనుగులాడాం. మర్యాద అని రాస్తే చప్పగా ఉంది, బిడియం అని రాస్తే మరేదో అర్థం వస్తోంది. ఆఖరికి మొహమాటాన్ని మొహమాటంగానే ఉంచేసి, కింద ఒక పేరా వివరణ ఇచ్చాం. ఆ వివరణ రాసింది నేనే. చాలా బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

పేర్ల సంగతి వచ్చేసరికి ఆవిడే ముందు అంది, "ఆలోచన మీది కదండీ, మీ పేరే ముందు పెడదాం" అని. వెంటనే ఊఁ అంటే ఏం పోయేది? అనలేదు. లెక్కలన్నీ మీరు చేసి నా పేరు ముందేమిటండీ, మీదే పెట్టండి అన్నాను. మళ్ళీ అంటుందిలే అనుకున్నాను. కొన్నాళ్ళకి నిజంగానే మళ్ళీ అంది. మళ్ళీ వద్దన్నాను. మా వైపు భోజనాల దగ్గర అలవాటే అది. వడ్డిస్తుంటే రెండుసార్లు చాలు చాలంటూ చెయ్యి అడ్డం పెడతాం. మూడోసారి బలవంతాన విస్తట్లో పడితే అప్పుడు తింటాం. నేను ఆ మూడోసారి కోసం కాచుకుని ఉన్నాను.

మూడోసారి రాలేదు. రోజులు గడుస్తున్నకొద్దీ నాకు నిద్ర కరువైపోయింది. క్లాసులో బోర్డు మీద గిరాకీ రేఖ గీస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఎకనామిక్స్‌లో చాలామంది అక్షర క్రమంలో పేర్లు వేస్తారు కదా అని ఒక దారి తోచింది. తీరా చూస్తే, సొంత పేర్ల ప్రకారమైతే నాది ముందొస్తుంది, ఇంటిపేర్ల ప్రకారమైతే ఆవిడది. ఇన్నాళ్ళూ ముందుండాలని కొట్టుకులాడుతున్న నేను, తీరా ఆవిడ ఎదురుగా కూర్చున్నాక "ఇంటిపేర్ల ప్రకారం పెడదామండీ" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. అదృష్టం బాగుండి ఆవిడ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమంతా నన్ను నేనే తిట్టుకుంటూ అంట్లు తోమాను.

మావారు విని, అడిగెయ్యమన్నారు, నోరుంది కదా అన్నారు. అలా అడిగితే ఏం బాగుంటుందని ఆయన మీద ఎగిరాను. ఆటోనగర్ వాళ్ళ మీద అన్ని పేజీలు రాసినదానివి నువ్వేనా అని ఆయన నవ్వారు. ఆ నవ్వుకి ఇంకా ఒళ్ళు మండింది.

జర్నల్‌కి పంపే ముందు ఆఖరిసారి చూసుకుందామని ఒక ఆదివారం ఆవిడ మైలవరం రమ్మంది. కొండపల్లి దాటాక బస్సు కిటికీలోంచి మామిడితోటలు కనిపిస్తున్నా నా మనసు వాటి మీద లేదు. ఇవాళ ఆవిడ మూడోసారి అంటుంది, నేను సరే మీరంతగా అంటున్నారు కాబట్టి అంటాను, అని మాటలు కూడా కూర్చుకున్నాను. నేను వెళ్ళేసరికి ఆవిడా వాళ్ళమ్మగారూ అప్పుడే చర్చి నుంచి వచ్చారు. భోజనం దగ్గర నేను చాలండీ చాలండీ అంటుంటే వాళ్ళమ్మగారు వినకుండా వడ్డించారు. మూడో వడ్డన పళ్ళెంలో పడింది. మంచి శకునమనుకున్నాను.

భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. రాసినవాళ్ళ వివరాల పేజీ దగ్గరికి వచ్చి ఆవిడ ఆగింది. "పేర్లు ఎలా వేద్దాం మేడం?" అని అడిగింది.

నేను నవ్వు మొహం పెట్టుకుని, "మీ ఇష్టమండీ. ఎవరిది ముందైతే ఏముంది" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. "సరేనండీ" అని లాప్‌టాప్ మూసేసింది. అక్కడ నెట్ సరిగ్గా రావడం లేదని, రేపు కాలేజీలో పంపిస్తానని చెప్పింది.

తిరుగు బస్సులో కూర్చున్న దగ్గర్నుంచి ఆ సరేనండీకి అర్థమేమిటా అని ఒకటే గుంజాటన. మీ పేరే వేస్తాను సరేనండీ అనా, నా పేరు వేసుకుంటాను సరేనండీ అనా? బస్సు దిగేలోగా ఆవిడ మంచితనం మీద భారం వేసేశాను.

మర్నాడు రెండు క్లాసుల మధ్య ఫోన్‌కి మెయిల్ వచ్చింది. మిమ్మల్ని ఫలానా పేపర్‌కి సహ రచయితగా చూపించారు, మీకు సమ్మతమైతే ఇక్కడ నొక్కండి, మీ సమ్మతి వచ్చేదాకా పేపర్ ముందుకు కదలదు అని జర్నల్ వాళ్ళు రాశారు. కింద పేర్లున్నాయి. నాది రెండోది.

కారిడార్లో నిలబడ్డ చోటే ఆ రెండు పేర్లూ మళ్ళీ చదివాను. ముందు కోపమొచ్చింది. ఎంత గడుసుదని అనుకున్నాను. ఆ వెనకే మా పేపర్లో నేను రాసిన వివరణ గుర్తొచ్చింది. మీ ఇష్టం అన్నది నేను. ఆటోనగర్‌లో ఆ మాట అన్నవాడికి లాభం, ఇక్కడ నష్టపోయిందీ నేనే. నా ధర చెప్పే అవకాశం ఆవిడ నా చేతికే ఇచ్చింది, చెప్పనిది నేను. ఇవన్నీ తెలిసినా కోపం తగ్గలేదు, సరికదా పెరిగింది.

నొక్కలేదు. తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని ఒక్కదాన్నే తిన్నాను. మర్నాడూ అంతే. పేపర్ కదలడం లేదని ఆవిడకి తెలుస్తూనే ఉండాలి, కానీ ఆవిడా అడగలేదు. ఎదురుపడితే ఎండల గురించి మాట్లాడుకున్నాం.

ఇక ఉండబట్టలేక ఒక సాయంత్రం ఆవిడ బస్సులో ఉండే వేళకి ఫోన్ చేశాను.

"మేడం, నాకు నా పేరే ముందుండాలని ఉంది. మీ ఇష్టం అని మీ ఇంట్లో అన్నది అబద్ధం."

ఆవిడ మెల్లగా అంది.

"తెలుసండీ. తెలిసే నాది వేసుకున్నాను. నా కాంట్రాక్టు ఈ యేడుతో అయిపోతుంది మేడం. రెగ్యులర్ పోస్టుకి ఇంటర్వ్యూ పెడితే, ముందు పేరున్న పేపరొకటి చూపించకపోతే నన్ను లోపలికే పిలవరు. మీరు నోరు తెరిచి అడుగుతారేమోనని చాలా చూశానండీ. అడిగుంటే ఇచ్చేసేదాన్నేమో. ఇప్పుడు చెప్పినా మార్చేస్తాను."

ఆవిడ కాంట్రాక్టు మీద ఉందని నాకు తెలుసు. అది ఎప్పటిదాకా అని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే బాగుండదేమోనని. పక్కపక్కన కూర్చుని కూరలు మార్చుకుంటూ, ఒకరి అవసరం ఒకరికి తెలియకుండా ఇన్నేళ్ళు ఎంత మర్యాదగా గడిపేశామో.

అయ్యో పర్లేదండీ అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ప్రమోషన్ రాకపోతే నేను ఇంకో ఏడాది ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాను. అది నాకు ఏడుపొచ్చేంత కష్టం. కానీ ఆవిడకి నిలబడడానికి ఆ గుమ్మం కూడా ఉండదు.

"మార్చొద్దు," అన్నాను. "పర్లేదని మాత్రం అనను, నాకు చాలా బాధగా ఉంది. వచ్చే పేపర్‌కి నా పేరు ముందుండాలి. మొహమాటానికి ఒప్పుకోవద్దు, ఇష్టమైతేనే ఒప్పుకోండి."

వెంటనే సరేనండీ అంటుందనుకున్నాను. అనలేదు. నిజంగానే ఆలోచించింది.

"లెక్కలు సగం మీరు చేస్తానంటే ఒప్పుకుంటాను మేడం," అంది.

ఆ మాట సూటిగా తగిలింది. అందులో తప్పేమీ లేదు కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది. చేస్తానన్నాను. ఫోన్ పెట్టేసి, మెయిల్ తెరిచి, సమ్మతమన్న చోట నొక్కాను. నొక్కాక వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. మావారు వచ్చి ఏమయిందన్నారు. అడిగేశానని చెప్పాను.

ఆ ఏడాది జాబితాలో నా పేరు రాలేదు. పేపర్ ఇంకా దాన్ని పరిశీలించే రిఫరీల దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే ఆ వెబ్‌సైట్ తెరిచి చూస్తాను, పరిశీలనలో ఉందన్న అదే ముక్క కనిపిస్తుంది. ఆవిడ కూడా చూస్తుందట. ఇంటర్వ్యూ తేదీ ఇంకా చెప్పలేదు. సాయంత్రాలు ఆవిడ ఎక్కాల్సిన బస్సు ఒకటి వదిలేసుకుని నాకు ఆ కంప్యూటర్ లెక్కలు నేర్పుతోంది. తప్పు చేస్తే తప్పని చెబుతోంది.

అలా చెప్పడం మొదలైంది మాత్రం నేను ఫోన్ చేసిన మర్నాటి మధ్యాహ్నం. లైబ్రరీకి వెళ్ళకుండా నా క్యారియర్ తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాను. దోసకాయ కూర. ఆవిడ ఒక ముద్ద కలుపుకుని తిని మంచినీళ్ళు తాగింది.

"ఉప్పెక్కువైందండీ," అంది.

నేనూ కలుపుకుని తిని చూశాను. నిజమే. ఇన్నేళ్ళూ ఎక్కువే వేస్తున్నానేమో.