ఏటి ఇసుకలో బంగారు రజను

ఎలమంచిలి దగ్గర ఏటి ఇసుకతిన్నెలో బంగారు రజను దొరుకుతుందని ఎవడో చెప్పాడు. వాణ్ణి కాదు, నమ్మిన మమ్మల్ని అనాలి. తొంభైల నాటి మాట. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే నేనూ, మా అక్క మొగుడూ ఒక ఆదివారం పళ్ళాలు పట్టుకుని వెళ్ళాం. మధ్యాహ్నం దాకా ఇసుక కడిగితే నడుములు పడిపోయాయి గానీ, పళ్ళెం అడుగున నల్లిసుకా, దాంట్లో పచ్చటి మెరుపులూ మిగిలాయి.

బావ పాత రేడియో స్పీకరు అయస్కాంతం జేబులోంచి తీసి పళ్ళెంలో తిప్పాడు. నల్లిసుకంతా దానికి గడ్డంలా అతుక్కుంది. మిగిలిన మెరుపుల్ని గోటితో నొక్కితే పొడైపోయాయి. వట్టి కాకిబంగారం.

"నీకు వారమంతా ఇనుమే, ఆదోరం కూడా ఇనుమేనేటి బామ్మర్దీ!" అని బావ పడీపడీ నవ్వాడు.

పై ఆదివారం నేను అడక్కుండానే పళ్ళాలతో మా గుమ్మంలో నిలబడ్డాడు. అయస్కాంతం మాత్రం ఇంట్లో వదిలేసి వచ్చాడు.