మగ్గం గదికి చెక్క సీలింగు

మొన్న ఎదురింటివాళ్ళు మేడ మీద కొత్తగా వేసుకున్న గదిని చూడ్డానికి రమ్మని పిలిస్తే వెళ్ళాను. పొద్దున వచ్చిన ఇద్దరు పనివాళ్ళు తెల్లటి షీట్లు పైకెత్తి, చేతి మిషన్‌తో టకటకా స్క్రూలు బిగించి, భోజనాల వేళకల్లా సీలింగు పూర్తిచేసి చేతులు కడుక్కున్నారు. బాగుందా అండీ అని ఆ ఇంటి కోడలు అడిగితే బాగుందమ్మా అన్నాను, నిజంగానే బాగుంది. కానీ తలెత్తి చూస్తుంటే నా చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది. తల పైకెత్తి సీలింగుకి మేకు కొట్టిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే ఆ నొప్పి సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

మా పెళ్ళయిన కొత్తల్లో మా వారు మార్టూరులో రాయి పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేసేవారు. ఊరి చివర, మిరప చేల పక్కన కాస్త స్థలం కొనుక్కుని, క్వారీల్లో పనికిరాక పారేసిన రాళ్ళు తోలించుకుని, సెలవు రోజుల్లో ఇద్దరమే గోడలు లేపాం. పైన సిమెంటు రేకులు వేశాం. తలుపులకింకా రంగైనా వెయ్యకముందే చీరాలలో మా అమ్మ పోయింది. ఒంటరివాడైన నాన్నని రమ్మంటే, మగ్గం కూడా వస్తుందంటేనే వస్తానన్నాడు. ముందుగది మట్టినేలలో గుంట తవ్వి మగ్గం దింపాం.

చలికాలం హాయిగా గడిచింది. ఎండలు ముదిరేసరికి రేకులు దించే సెగకి నూలు పెళుసెక్కి, పడుగు పోగులు తెగడం మొదలైంది. గంట నేస్తే అరగంట పోగులు అతకడానికే సరిపోయేది. నేల మీద నీళ్ళు చల్లాం, కిటికీలకి తడి గోనెలు కట్టాం, ఏం లాభం లేకపోయింది. కూతురింట్లో ఊరికే కూర్చుని తినడం నాన్నకి చేతకాదు. ఒకరోజు నేను మిరపకాయ కోత నుంచి వచ్చేసరికి మగ్గం పక్కన కూర్చుని, ఈ చీర దించాక మగ్గం విప్పేస్తానని నెమ్మదిగా చెప్పాడు. కోపంగా చెప్పినా నాకంత బాధ ఉండేది కాదు.

రేకుల కింద చెక్క కొడితే సెగ తగ్గుతుందన్నారు మా వారు. యూనిట్‌కి మిషన్లు వచ్చిన పెద్ద పెద్ద చెక్కపెట్టెలు పెరట్లో పడి ఉన్నాయని, యజమానిని అడిగి ఆ పలకలన్నీ ఇంటికి చేర్చారు. వడ్రంగిని పిలిస్తే పెళ్ళిళ్ళ మంచాల పని చేతినిండా ఉంది, వానలు పడ్డాక చూద్దామన్నాడు. వానలు పడ్డాక మాకు సీలింగు దేనికి? ఆయన దగ్గరే రంపమూ చిత్రికా అడిగి తెచ్చుకుని మేమే మొదలుపెట్టాం. పాత మేకులు పీకి, పలకలు చిత్రిక పట్టేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. గోడ నుంచి గోడకి సరుగుడు వాసాలు వేసి, బల్ల ఎక్కి నేను తలతోనూ చేతులతోనూ పలక ఎత్తిపట్టుకుంటే మా వారు కింది నుంచి మేకులు కొట్టేవారు.

మూడు వరుసలయ్యాక దిగి చూస్తే పలకలన్నీ ఒక పక్కకి వాలిపోతున్నాయి. కింద కూర్చుని చూస్తున్న నాన్న లేచి, నీలిమందులో ముంచిన నూలుపోగు ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి బిగించి కట్టాడు.

"గోడని చూసి కొట్టకండి, నూలుని చూసి కొట్టండి. గోడ మీరు కట్టిందే కదమ్మా."

మా వారు నవ్వు ఆపుకోలేకపోయారు. మూడు వరుసలూ పీకి మళ్ళీ కొట్టాం.

అంతా సాఫీగా సాగుతోందనుకున్న రోజునే నా చెయ్యి జారింది. పలక మగ్గం మీద పడి, సగం నేసిన చీర పడుగు జానెడు మేర పుటుక్కున తెగిపోయింది. మగ్గం మీద దుప్పటి కప్పామే గాని పైన నాలుగు పలకలు అడ్డం వెయ్యాలన్న తెలివి లేకపోయింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. నాన్న తెగిన పోగుల్ని వేళ్ళతో దువ్వి చూసి, "ఇది నేను అతుక్కుంటానులే, నువ్వు లేచి ఆ పలక పట్టుకో," అన్నాడు. అతకడానికి ఆయనకి మూడు రోజులు పట్టింది. పైన మేమూ కింద ఆయనా, ఆ మూడు రోజులూ ముగ్గురం ఒకే గదిలో పనిచేశాం. విప్పేస్తానన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

పని పూర్తయ్యాక గది చల్లగా అయిపోయిందని గొప్పలు చెప్పను గాని, సెగ మాత్రం విరిగింది. తడి గోనెలకీ అప్పుడు ఫలితం కనబడింది. పోగులు తెగడం తగ్గింది. ఆ చీరని నాకు ఉంచుకుంటానని అడిగితే ఇవ్వలేదు, తనే చీరాల తీసుకెళ్ళి అమ్ముకొచ్చాడు. ఆ సాయంత్రం బస్సు దిగి నడిచివస్తున్న మనిషి నడకలో మా అమ్మ ఉన్నప్పటి ఠీవి కనిపించింది. చేతులు సాగినన్నాళ్ళూ ఆ గదిలోనే నేశాడు.

ఇప్పుడు నాన్నా లేడు, మా వారూ లేరు. మగ్గాల చప్పుడు వినాలంటే వెతుక్కుంటూ పోవాల్సిన రోజులొచ్చాయి. ఇప్పటి ఇళ్ళు మా ఇళ్ళకన్నా చల్లగానూ అందంగానూ ఉంటాయి, అందులో నాకు అసూయ లేదు. కానీ కొత్త ఇంటికి వెళ్ళి ఎవరు చేశారని అడిగితే అందరూ కాంట్రాక్టరు ఫోన్ నంబరు వెతికి ఇస్తారు. మేమే చేసుకున్నామని చెప్పగలిగినవాళ్ళం మా వీధిలో ఇంకా ఇద్దరమో ముగ్గురమో మిగిలాం.